సౌత్‌పా

తమ్ముణ్ని సమాధి చేసిన తరువాతి నెల, కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒక ముసలామె సద్దిమూట విప్పి, కొంగు చాటున ఎడమచేత్తో జొన్నరొట్టె తింటోంది. నేను లేచి ఆమెకు కుడివైపుకు మారాను. అలా తినేవాళ్ల మోచేతికి చోటు కావాలి.

ఆమె గమనించింది. “మీ ఇంట్ల ఎవలన్న ఎడమచెయ్యోళ్లున్నరా బిడ్డా?”

“మా తమ్ముడుండె, అవ్వా.”

ఆమె ఇంకో ముక్క తుంచుకుంది. తరవాత, “మా అత్త సచ్చేదాక నన్ను పుర్రచెయ్యిదానా అనే పిలిచింది. నీ తమ్మున్ని ఏమంటుండిరి?” అంది.

“క్రికెట్ల సౌత్‌పా అంటుండిరి. ఇంగ్లీషు మాట.”

“తిట్టా?”

“కాదవ్వా. దక్షిణం దిక్కు పంజా అన్నట్టు. ఎడమచేత్తో ఆడేటోళ్లను మెచ్చుకుంట పేపర్లల్ల గట్లనే రాస్తరు.”

“పంజానా? పులికున్నట్టా?” ఆమె నవ్వింది. “గీ మాట మా అత్త చెవుల పడకపాయె!”

మూటలోంచి ఇంకో రొట్టె తీసి నాకివ్వబోయింది. ఎడమచేత్తో ఇస్తున్నట్టు చూసుకుని, నాలుక కరుచుకుని, చెయ్యి మార్చబోయింది. మా వైపు ఎడమచేత్తో ఇస్తే ఎవరూ తీసుకోరు.

“ఉండనియ్యి అవ్వా” అని అందుకున్నాను. మా తమ్ముడు నాకు ఏదిచ్చినా అలాగే ఇచ్చేవాడు. వాడు పోయాక నేను ఎవరి దగ్గరా అలా తీసుకోలేదు.

రొట్టె ఆరి గట్టిపడింది. నమలడానికి చాలాసేపు పట్టింది. నేను తొందరపడలేదు.