శనివారం తారీఖు వేసిన సీసా

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. దేవుణ్ణి నమ్ముతాను. పెందుర్తిలో మా క్రైస్తవ సంఘం ఒక రేకుల షెడ్డులో పదకొండు మందితో మొదలైంది. అప్పటినుంచి ఒంట్లో బాగోకపోతే తప్ప ఆదివారం మానలేదు. అద్భుతాలు వెతుక్కుంటూ తిరిగేవాళ్ల విశ్వాసం నిలబడదని మా నాన్నగారు నేర్పారు. ఎవరైనా కలలో వెలుగు కనబడిందని సాక్ష్యం చెబుతుంటే నేను తల వంచుకుని వినేదాన్ని, అంతే. మనసులో నమ్మేదాన్ని కాదు.

అందుకే ఇది రాయడానికి ఇంత ఆలస్యమైంది.

పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. కణాలను పెంచే గది నా బాధ్యత. ఆ గదిలో ముఖ్యమైనవి కాలేయ క్యాన్సర్ కణాలు. ఎవరో రోగికి ఆపరేషన్ చేసి తీసిన ముక్క నుంచి మా పైడిరాజు వాటిని పెంచాడు. బొబ్బిలి వైపు రైతుల ఇంటి అబ్బాయి, ముప్పై దాటాయి. మూడేళ్లు కష్టపడ్డాడు. అతని మందు పరీక్షలన్నీ వాటి మీదే. అవి మా దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. అవి పోతే అతని ఉద్యోగమూ పోయినట్టే.

ఆ కణాల గుణం ఒకటి చెప్పాలి. వాటిని గులాబీ రంగు పోషక ద్రవంలో ఉంచుతాం. మామూలు కణానికైతే పెరగమని బయటినుంచి కబురు రావాలి. వీటికి అక్కర్లేదు. ఆ కబురు మోసే పదార్థాన్ని ఇవే తయారుచేసి ద్రవంలోకి వదులుతాయి, మళ్లీ ఇవే అందుకుని పెరుగుతాయి. లక్షల్లో ఉన్నంతసేపు వాటిని ఆపడం కష్టం. ఏ యాభయ్యో మిగిలితే మాత్రం, అవి వదిలిన కాస్తా ద్రవంలో పలచబడి దేనికీ చాలదు. నాలుగు రోజుల్లో చచ్చిపోతాయి. అప్పుడు బతికించడానికి మాకు తెలిసిన దారి ఒక్కటే. నిండుగా పెరిగిన ఫ్లాస్కులోంచి తీసిన పాత ద్రవాన్ని వాటికి పెట్టాలి. ఆ పదార్థం అందులో ముందే ఉంటుంది.

నేను పాత ద్రవాన్ని ఎప్పుడూ దాచలేదు. తీసిన వెంటనే బ్లీచ్‌లో పోసేస్తాను. చేరిన రోజు నుంచీ నా పద్ధతి అదే.

ఇది జరిగిన వారం, శుక్రవారం నుంచి వన్ టౌన్‌లో మూడు రోజుల ఉపవాస సభలు. పైడిరాజు చెల్లెలి పెళ్లిచూపులకని ఊరెళుతున్నాడు. ద్రవం మార్చేవాళ్లు ఉండరని, బుధవారమే కణాలన్నిటినీ చిట్టి సీసాల్లో గడ్డకట్టించి, గురువారం వాటిని చల్లగా ఉంచే ద్రవ నైట్రోజన్ ట్యాంకులో పెట్టేశాను. పాత నిల్వ కూడా అందులోనే ఉంది. ఒక్క ఫ్లాస్కులోనైనా కణాలను పెరుగుతూ ఉంచలేదు. అది మొదటి తప్పు.

ట్యాంకులో నైట్రోజన్ అడుగంటిందని నాకు తెలుసు. శుక్రవారం నైట్రోజన్ బండి వస్తుందనీ, గేటు దగ్గర ఎవరో సంతకం పెట్టి తీసుకోవాలనీ తెలుసు. ఆ మాట ఎవరికీ చెప్పకుండా కంపెనీ బస్సెక్కేశాను. సభల్లో ఏ పాట ఎవరు ఎత్తుకోవాలా అని దారంతా ఆలోచించాను.

సోమవారం పొద్దున్నే పైడిరాజు నవ్వుతూ వచ్చాడు.

"ఏటక్కా, మూడు రోజులు తిండి మానీసి మాకోసం కూడా ప్రార్థన సేసీసారా?"

"నీకోసమే సేసాన్రా, బుద్ధి రావాలని."

"అయితే ఇంకో మూడు రోజులు పస్తుండాలి మీరు."

నవ్వుకుంటూనే ట్యాంకు మూత తీశాను. తెల్లటి ఆవిరి పైకి రాలేదు. నైట్రోజన్ అయిపోయింది.

పద్దెనిమిది సీసాలు చూశాం. పదిహేడింటిలో బతికిన కణం ఒక్కటి లేదు. చివరి దాంట్లో మైక్రోస్కోపు కింద లెక్కపెడితే అరవై లోపు ఉన్నాయి. పైడిరాజు మైక్రోస్కోపు దీపం ఆపాడు. "పోనీండక్కా, నైట్రోజన్ బండోడు రాలేదేటో" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. మా మేనేజరు కూడా బండి రాలేదనే రాసుకున్నారు. బండి వచ్చే ఉంటుందని తెలిసీ నేను ఊరుకున్నాను.

మంగళవారం కొత్త ద్రవం కోసం ఫ్రిజ్ తెరిచాను. కింది అరలో, వెనకగా, ఒక పావు లీటరు సీసా ఉంది. లోపలి ద్రవం గులాబీ రంగు పోయి పసుపు తిరిగింది. కణాలు వాడిన ద్రవమే అలా మారుతుంది. లేబుల్ మీద పైడిరాజు కణాల నంబరు, మొన్న శనివారం తారీఖు, కింద నా పొట్టి సంతకం. మూలన చిన్న సిలువ. పలక మీద ఏది రాసినా ముందు సిలువ గీయమని మా అమ్మ నేర్పింది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. నా రాత నాకు తెలుసు.

శనివారం నేను పొద్దుట నుంచి సాయంత్రం దాకా వన్ టౌన్‌లో, మూడో వరుస చాప మీద, మా సంఘం అక్కలిద్దరి మధ్య కూర్చున్నాను. అదీగాక, శనివారం నాటికి గదిలో బతికి పెరుగుతున్న ఆ కణాలే లేవు. మరి ద్రవాన్ని ఏవి వాడినట్టు?

పైడిరాజును అడిగాను.

"నానేటి? శనోరం నాను ఊర్లో పెళ్లోరికి టీలు అందిత్తన్నాను. మీలాగ సిలవ గియ్యడం నాకెక్కడొచ్చును?"

తలుపు కార్డుల వివరాలు తీయించాను. గురువారం సాయంత్రం నా కార్డుతో తలుపు మూసుకుంది. సోమవారం ఉదయం మళ్లీ నా కార్డుతోనే తెరుచుకుంది. మధ్యలో ఎవరూ లేరు. ఎప్పుడో దాచి, తారీఖు తప్పు వేశానేమో అని కూడా ఆలోచించాను. కానీ బుధవారం తీసిన ద్రవాన్ని పారబోసిన గుర్తుంది. ఆ రాత్రి అన్నం కలుపుకుంటుంటే వేళ్లకు బ్లీచ్ వాసన వచ్చింది.

మిగిలిన కణాలను రెండు భాగాలు చేశాం. ఒక భాగానికి కొత్త ద్రవం, రెండో దానికి సీసాలోది సగం, కొత్తది సగం. శుక్రవారానికి మొదటి భాగంలోవి గుండ్రంగా ముడుచుకుని పైకి తేలాయి. రెండో దాంట్లోవి అడుగున అతుక్కుని, కాళ్లు చాపుకుని, రెండు రెండుగా విడిపోతున్నాయి. పైడిరాజు కళ్లు తుడుచుకోవడం చూసి నేను పక్కకు తిరిగాను.

ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. ఈ సంగతి చెప్పి దేవుణ్ణి స్తుతించాలనుకున్నాను. నోరు తెరిచాక తెలిసింది, ఇది సీసాతో మొదలుకాదు, గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగిపోయిన బండితో మొదలవుతుంది. ఒక్క వాక్యం కూడా పూర్తికాని ప్రార్థన చేసి కూర్చున్నాను. ఆ వారమంతా నా మౌనం కూడా ఆ కణాల్లాగే బతికింది. దానికి కావలసిన సాకులు అదే తయారుచేసుకుంది, వాటినే తిని పెరిగింది.

సోమవారం ముందు పైడిరాజుకు చెప్పాను. బండి వచ్చిందనీ, మరిచిపోయింది నేననీ.

"తెలుసక్కా. గేటు కాడోడు ఆ సోమోరమే సెప్పీసినాడు."

"మరి అడగలేదేం?"

"మీరే సెప్తారని సూత్తన్నాను."

మేనేజరుకూ చెప్పాను. మెమో ఇచ్చారు, తీసుకున్నాను. నెల తిరిగేసరికి ఫ్లాస్కు నిండింది. పైడిరాజు ఇంకా మా దగ్గరే పనిచేస్తున్నాడు.

మా పాస్టరు గారికి విడిగా అంతా చెబితే, "క్యాన్సరును దేవుడు ఎందుకు పోషిస్తాడమ్మా?" అని అడిగారు. మందు కనిపెట్టడానికి అనొచ్చు. కానీ అది నేను అల్లుకున్న జవాబు. నాకెవరూ చెప్పింది కాదు.

చివరిగా ఒక్క మాట. ఆ శనివారం నా పక్కన కూర్చున్న అక్కలిద్దరినీ అడిగాను. ఒకామె నేను కదల్లేదంది. రెండో ఆమె మధ్యాహ్నం ప్రార్థనలో కళ్లు తెరిచి చూస్తే చాప మీద నా చోటు ఖాళీగా ఉందంది. ఎక్కడికెళ్లానో అని బయటికి వచ్చి చూసిందట. నా చెప్పులు విడిచినచోటే ఉన్నాయట.

నేను లేచిన గుర్తు నాకు లేదు. లేచినా, వట్టి కాళ్లతో అంత దూరం పరవాడ ఎలా వెళతాను? వెళ్లినా, అక్కడ ఆ రోజు బతికున్న కణాలు లేవు. ఖాళీ సీసాను ఇంకా కడగలేదు. లేబుల్ మీద నా రాత అలాగే ఉంది.