ముందే సంతకం చేసిన కాగితాలు

అరిజోనాలోని చాండ్లర్‌లో మూడేళ్లు నేనొక ఇంగ్లీషు చిత్రకారుడి దగ్గర ప్రింట్లు తీసే పని చేశాను. ఒకప్పుడు లండన్‌లో గొప్పింటి వాళ్లంతా ఆయన చేత బొమ్మ వేయించుకోవడానికి వరస కట్టేవారట. ఆ మోజు తగ్గాక, భార్య సొంత ఊరని ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఒక తెలుగు డాక్టరు గృహప్రవేశంలో ఆయన వేసిన బొమ్మ హాల్లో వెలిసింది. ఇంకేముంది, మన వాళ్ల సంగతి తెలిసిందే, ఒకరింట్లో ఉన్నది తమ ఇంట్లో లేకపోతే నిద్ర పట్టదు. ఆరు నెలల్లో ఆయనకు ఊపిరాడనంత పని.

అసలు బొమ్మ ఒకటే. ఇండియాలో చుట్టాలకు పంపడానికి ప్రింట్లు మాత్రం బోలెడు కావాలి. బొమ్మను స్కాన్ చేసి, రంగులు సరిచూసి, మందపాటి కాగితం మీద తీయడం నా వంతు. ప్రతి ప్రింటు కిందా ఆయన పెన్సిలుతో సంతకం చేయాలి. ఆయన కుడిచేయి వణికేది. అందుకని చెయ్యి మాట విన్న రోజున ఖాళీ కాగితాల మీదే ముందుగా సంతకాలు చేసి, ఆ కట్ట నా సొరుగులో పెట్టేవారు. నా మీద అంత నమ్మకం.

ఆ నమ్మకాన్ని నేను అలుసుగా తీసుకున్నాను. "మా అమ్మాయి కలర్ కొంచెం బ్రైట్ చెయ్యండి, ప్లీజ్" అని తల్లులు చాటుగా అడిగితే చేసేదాన్ని. ఆయనకు చెప్పేదాన్ని కాదు, చెబితే ఒప్పుకోరు. నేనూ నల్లదాన్నే, ఈ రంగు పిచ్చి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా చేశాను. వాళ్లు మెచ్చుకుంటుంటే బాగుండేది.

మా వీధి చివర ఒక అక్క ఉండేది. కేన్సర్. కీమో మొదలయ్యాక ఎవరైనా ఫొటో తీయబోతే విరుచుకుపడేది. పుట్టినరోజున కూతురు తీసిన సెల్ఫీని కూడా డిలీట్ చేయించింది. అలాంటిది, ఈయన ముందు మాత్రం కూర్చుంటానంది. "ఫోన్ అయితే మొహాన్ని టక్కున లాగేసుకుంటుందే. ఈయన నిదానంగా, అడిగి చూస్తాడు" అంది నాతో.

ఐదుసార్లు కూర్చుంది. ఆయన ఉన్నది ఉన్నట్టు వేశారు. గుండు, పీక్కుపోయిన బుగ్గలు, పెదవి చివర ఏదో ఒక భావం. అక్క చాలాసేపు చూసి, "అవును, నేనే" అంది.

తర్వాతి వారం వాళ్లాయన నన్ను స్టూడియో పార్కింగ్ లాట్‌లో ఆపారు. "చూడమ్మా, ప్రింట్స్‌లో హెయిర్ యాడ్ చెయ్యి. ఫేస్ కొంచెం నిండుగా చెయ్యి. ఇండియాలో వాళ్లమ్మ ఇది చూస్తే తట్టుకోలేదు." మాట్లాడుతూనే ఏడ్చేశారు. నేను కాదనలేకపోయాను. వాళ్ల పెళ్లి ఫొటో పక్కన పెట్టుకుని జుట్టు పెట్టాను, బుగ్గలు నింపాను, అలవాటు కొద్దీ రంగు కూడా తేల్చాను. పాత ఫైల్ మీదే సేవ్ చేసేశాను. అంత చేసినందుకు బావగారు థ్యాంక్స్ చెప్పారు.

అక్క పోయిన పదకొండో రోజున వాళ్ల హాల్లో ఆ ప్రింటుకే దండ వేశారు. చిత్రకారుడు తెల్లపూలు పట్టుకుని వచ్చారు. ముందు ముఖం చూశారు, తర్వాత కింద తన సంతకం చూశారు, తర్వాత నన్ను చూశారు. అరిచి ఉంటే తేలికయ్యేది. మర్నాడు నా సొరుగులోని కాగితాలన్నీ ఆయనే ఒక్కొక్కటీ చించేశారు. ఆ తర్వాత ఎవరి బొమ్మా వేయలేదు. చెయ్యి పనికి రావడం లేదని అందరికీ చెప్పి, వేసవి రాకముందే ఇంగ్లండ్ వెళ్లిపోయారు. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

కొన్ని నెలలకు అక్క కూతురు మా ఇంటికి వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల, ఇక్కడే పుట్టింది.

"ఆంటీ, మీ దగ్గర ఫస్ట్ స్కాన్ ఉందా? రియల్ అమ్మది? పెయింటింగ్ డాడ్ త్రో చేశారు. చూడలేను అన్నారు. కీమో టైమ్‌వి వేరే ఫొటోస్ లేవు."

"లేదు నాన్నా. దాని మీదే మార్చి సేవ్ చేశాను. నేనే పోగొట్టాను."

ఆ పిల్ల ఏడవలేదు. "ఓకే" అంది. లేవబోయి మళ్లీ కూర్చుని, "మీరు స్క్రీన్ మీద చాలాసార్లు చూశారు కదా. లాస్ట్‌లో అమ్మ ఎలా ఉంది? నేను మర్చిపోతున్నా" అంది.

కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాను. గుండు, పీక్కుపోయిన బుగ్గలు. ఆ మాటలు ఏ రోగి గురించైనా చెప్పొచ్చు. ముఖం కోసం వెతికితే నుదుటి మీద నేను పెట్టిన జుట్టు, నేను నింపిన బుగ్గలు వచ్చాయి. మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించాను. మళ్లీ అవే వచ్చాయి.

కళ్లు తెరిచేసరికి ఆ పిల్ల ఇంకా నా వైపే చూస్తోంది.