బురుజు మీద ఆడిన అబద్ధం

మా నాయన పత్తి చూసేవాడు. ఆదోని మండీలో ఆ పనికి వేరే పేరు లేదు. గోనె బోరెం విప్పి గుప్పెడు దూది తీసి, బొటనవేళ్ల మధ్య లాగి పింజ పొడవు చెప్పేవాడు. వెలుతురుకు పట్టి రంగు చెప్పేవాడు. ఆ తర్వాతే షావుకార్లు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవారు. ఆయన చూసిన బోరాన్ని మళ్లీ ఎవరూ విప్పించేవారు కాదు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, పత్తి వచ్చే రోజుల్లో, ఎమ్మిగనూరులోని అత్తగారింటి నుంచి పుట్టింటికి వచ్చాను. ఇలా అడుగు పెట్టానో లేదో అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది.

"మీ నాయనకు సూపు పోతాందే. అన్నంలో రాయి కనపడదు, గడప కనపడదు. ఆసుపత్రికి పోదామంటే నాకేం రోగమని కసురుతాడు. కోట మీదికి పిల్సకపో. ఆడ ఏమేం కనపడ్తాందో అడుగు. తేలిపోతాది."

మా నాయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. కానీ కోట అంటే పిచ్చి. సెలవు దొరికితే కొండెక్కి, పైనుంచి ఊళ్లో ఏది ఎక్కడుందో వేలుపెట్టి చూపించడం ఆయన సరదా. పిలవగానే చెప్పులేసుకున్నాడు.

దారిపొడుగునా నాకే ఆయాసం. మెట్టు ఎక్కడ అరిగిందో, బండ ఎక్కడ జారుతుందో ఆయన కాళ్లకు తెలుసు. కూలిన దర్వాజా దగ్గర ఆగి గోడ తడిమి, "ఈడ ఫిరంగి గుండు తగిలింది సూడు" అన్నాడు. నిజంగానే గుంట ఉంది. ఏ సుల్తాను ఎన్నాళ్లు ముట్టడి వేశాడో, సిపాయిలు నీళ్లు లేక ఏం తాగారో అన్నీ చెప్పుకొచ్చాడు. సగం ఆయన కల్పించినవేనని నా అనుమానం. అమ్మవన్నీ ఉత్త భయాలేననుకుని నవ్వుకున్నాను.

పై బురుజు మీద నిలబడ్డాం. కింద పత్తి గింజ తీసే జిన్నుల రేకులు, పొగగొట్టాలు, వాటికి అవతల రైలు పట్టాలు. నేను అడగకముందే ఆయన చెయ్యి చాపాడు.

"బొంబాయి మెయిలు వచ్చే పొద్దాయ. అదిగో, పొగ సూడు. కనపడ్తాందా?"

పట్టాల మీద బండి లేదు. ఆ వేపు ఎండ తప్ప ఏమీ లేదు.

ఆయన జవాబు కోసం నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో ఉన్నది భయం. పత్తి చూడడం తప్ప మరో పని రాని మనిషి భయం.

"కనపడ్తాంది నాయనా" అన్నాను.

"మీ అమ్మకు సెప్పు. ఊరికే నా పానం తీస్తాంది" అని తేలిగ్గా నవ్వాడు.

కొండ దిగి బజారులోకి వచ్చాక మెయిలు కూత వేసింది. అది ఆయన చెవిన పడకూడదని ఎమ్మిగనూరు చీరల గురించి గట్టిగట్టిగా వాగాను. అమ్మకూ అదే అబద్ధం చెప్పాను. దయ అనుకున్నాను. నా మొహం దయ! ఆయన బాధపడితే చూడలేని పిరికితనం అది.

ఆ వారమే కౌతాళం వైపు నుంచి వచ్చిన పత్తిని తెల్లదన్నాడు. వానకు తడిసి పసుపెక్కిన పత్తి అది. జిన్నులో బోరాలు విప్పినప్పుడు బయటపడింది. షావుకారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మరునాడు నాయన బోరెం మీద చెయ్యి వేయబోతే, "అన్నా, కొన్నాళ్లు ఇంటికాడ ఉండు" అని ఇంకొకర్ని పిలిచాడట. ఇన్నేళ్ల మాట ఒక్క పూటలో పోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు కర్నూలు తీసుకుపోయాం. పోయిన చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు. దానికంటే నన్ను కోసేది ఇంకొకటి. నాయన వేళ్లకు ఏమీ కాలేదు. రంగు చెప్పడానికి పక్కన ఒక మనిషిని పెట్టుకుని ఉంటే, పింజ చూసుకుంటూ మండీలోనే ఉండేవాడు. తప్పు చేయకముందు అడిగి ఉంటే షావుకార్లు కాదనేవారు కారు.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని అడిగాడు.

"నా కండ్ల సంగతి నీకు ఆ పొద్దే తెల్సు గదా?"

"తెలుసు నాయనా."

"మీ అమ్మ సెప్పినా నమ్మకపోతి. నువ్వు సెప్పింటే నమ్మింటా గదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు.