ఒలకని సూపు గిన్నె

మా లోకంలో జేబు కొట్టినవాణ్ణి క్షమించేవాళ్ళు. తాగొచ్చి స్టేజీ మీద బోర్లా పడినవాణ్ణీ క్షమించేవాళ్ళు. ఇంకొకడి నవ్వును దొంగిలించినవాణ్ణి మాత్రం పంక్తిలో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. అలాగని గొప్పగా చెప్పుకునేవాళ్ళం లెండి. కార్నీ టాన్సీ ఆ మాట నిజమని నమ్మాడు. పాపం, అతని కొంప ముంచింది ఆ నమ్మకమే.

కార్నీది ట్రాయ్. అమెరికాలో హడ్సన్ నది ఒడ్డున, దేశానికంతా ఇనుప పొయ్యిలు పోతపోసి పంపే ఊరు. తండ్రి మలాకీ అక్కడి కార్ఖానాలో కరిగిన ఇనుము మోసేవాడు. పొద్దుగూకాక ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే, భార్య హొనోరా సూపు గిన్నె తెచ్చి ఒళ్ళో పెట్టేది. ఆయన చెంచా ముంచి, నోటిదాకా ఎత్తి, అక్కడికక్కడే నిద్రపోయేవాడు. గురక మొదలయ్యేది. తల ఒక పక్కకి, గిన్నె ఒక పక్కకి ఒరిగేవి. సూపు అంచుదాకా వచ్చి ఆగేది. ఒక్క చుక్క కింద పడితే ఒట్టు! కాసేపటికి మెలకువొచ్చి, ఏమీ జరగనట్టు ఆ చెంచాడు సూపూ నోట్లో పోసుకునేవాడు.

“నవ్వకండ్రా, కళ్ళు పోతాయి” అని పిల్లల్ని కసిరి, తల్లి తనే ఏప్రన్ అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఓరోజు తండ్రి డ్యూటీలో ఉండగా కార్నీ ఆ కుర్చీలో కూర్చుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, అచ్చం తండ్రి అయిపోయాడు. హొనోరా పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి నేలమీద చతికిలబడింది. తర్వాత ఉన్నట్టుండి కళ్ళు తుడుచుకుంది.

“ఎంత నవ్వించినా సరే, గిన్నె మాత్రం ఒలికించకురా కార్నీ. మీ నాన్న నిద్రలో కూడా ఎందుకు ఒలికించడో తెలుసా? కుండలో రెండో గరిటె ఉండదని ఆయనకి తెలుసు.”

కార్నీ ఆ మాట మూటగట్టుకున్నాడు. తమ్ముడు ఎమ్మెట్ అప్పుడు కిటికీ అద్దంలో చూసుకుంటూ జుట్టు దువ్వుకుంటున్నాడు. వాడు చక్కనివాడు. వాడికి ఎప్పుడూ అదే ధ్యాస.

తల్లి పోయాక అన్నదమ్ములిద్దరూ వాడెవిల్‌లోకి వచ్చిపడ్డారు. మా ఆటంటే తెలుసుగా, ఒక్క టిక్కెట్టు మీద కుక్కలు, గారడీ, పాట, డాన్సు, హాస్యం. వారానికో ఊరు. ఆదివారం రైల్లో, సోమవారం కొత్త స్టేజీ మీద. అద్దె ఇళ్ళలో ఉడికించిన ఎండు ఆల్బకరా పళ్ళు పెట్టీ పెట్టీ మా పేగుల్ని పరీక్షించేవాళ్ళు. టాన్సీ సోదరుల ఆటలో కార్నీ అలిసిపోయిన కూలివాడు, ఎమ్మెట్ మీసం మెలేసి తిట్టే హోటలు యజమాని. పై బాల్కనీకి కూడా కనబడాలని కార్నీ సూపులో బీట్‌రూట్ రసం కలిపేవాడు. తెల్ల చొక్కా తొడుక్కునేవాడు. నిద్రలో ఒరిగే ఆ గిన్నెను చూస్తూ హాలు హాలంతా ఊపిరి బిగబట్టేది. చివర్లో లేచి నిలబడి, మల్లెపువ్వులాంటి ఆ చొక్కా చూపించేసరికి నవ్వుకి పైకప్పు లేచిపోయేది. చాలామంది నవ్వుతూనే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లోనూ అలాంటి నాన్నలుండేవాళ్ళు మరి.

మాకొక ఆచారం ఉండేది. సోమవారం పొద్దున ఎవరి ఆటకి బ్యాండు వాయించాల్సిన సంగీతం కాగితాల కట్ట వాళ్ళు తెచ్చి, స్టేజీ అంచున దీపాల దగ్గర వరసగా పెట్టాలి. ముందొచ్చినవాడిది ముందు. ఇద్దరి దగ్గర ఒకే పాట గానీ ఒకే హాస్యం గానీ ఉందంటే, ఆ వారమంతా ముందు కట్టవాడిదే హక్కు. వెనకవాడు నోరెత్తకుండా మానుకోవాలి, వాడు ఎంతటి మొనగాడైనా సరే. కోర్టుల్లేని మాకు అదే కోర్టు. ఎమ్మెట్ బారెడు పొద్దెక్కినా లేచేవాడు కాదు. కార్నీయే చలిలో పోయి కట్ట పెట్టి, తమ్ముడికి వేడి కాఫీ పట్టుకెళ్ళేవాడు.

ఓ చలికాలం బఫెలో ఊళ్ళో ఎమ్మెట్ ఛాతీ పట్టుకుని దగ్గాడు.

“అన్నా, నా వల్ల కావట్లేదు. ఈ రైళ్ళూ ఈ మంచూ... కొన్నాళ్ళు నాన్న దగ్గరుండి వస్తాను.”

“వెళ్ళరా. నాన్న కూడా ఒంటరిగా ఉన్నాడు. చూసుకున్నట్టుంటుంది” అని కార్నీ, తల్లి అల్లిన మఫ్లరు తన మెడలోంచి తీసి వాడి మెడకు చుట్టాడు. చూశారా, ఆ మఫ్లరు తల్చుకుంటేనే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది!

తిట్టేవాడు లేకుండా కార్నీ ఒక్కడే ఆట లాక్కొచ్చాడు. వసంతంలో ఈరీ ఊళ్ళో గిన్నె ఒరుగుతుండగా బాల్కనీలోంచి ఎవడో అరిచాడు.

“దొంగ! అది ఎమ్మెట్ టాన్సీ ఆట! న్యూయార్క్‌లో నా కళ్ళారా చూశాను!”

హాలంతా ఈలలు. నారింజ తొక్కలు వచ్చి కాళ్ళ మీద పడ్డాయి. మేనేజరు లోపలికి పిలిచి, “ఏమయ్యా, ఇంకొకడి సరుకు తెచ్చి నా కొట్లో అమ్ముతావా?” అన్నాడు.

“అది మా నాన్న సరుకండీ.”

“ఆహా. దొరికినవాడల్లా ఇలాంటి కథే చెబుతాడు.”

ఎమ్మెట్ న్యూయార్క్‌లో ఒక అందగత్తెను జోడీగా పెట్టుకుని సూపు ఆట ఆడుతున్నాడనీ, పోస్టరు మీద వాడి పేరు మూరెడు అక్షరాల్లో ఉందనీ అప్పుడు తెలిసింది. ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడని ఊరికే అన్నారా! కార్నీ తిన్నగా ట్రాయ్ రైలెక్కాడు.

మలాకీ బాగా ముసలివాడయ్యాడు. అదే కుర్చీలో ఉన్నాడు. గోడ మీద ఎమ్మెట్ ఫొటో.

“తమ్ముడు ఇక్కడున్నాడా నాన్నా?”

“ఉన్నాడు. నెల్లాళ్ళున్నాడు. ఏ పనీ చేసేవాడు కాదనుకో. కానీ నేను అన్నానికి కూర్చుంటే మాత్రం కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చునేవాడు. కళ్ళార్పకుండా నన్నే చూసేవాడు. నా జన్మలో నన్నెవరూ అంతసేపు చూడలేదురా.” ముసలాయన గొంతు తగ్గించాడు. “ప్రేమనుకున్నాను. తర్వాత పక్కింటి మైల్స్ న్యూయార్క్ పోయొచ్చి చెప్పాడు, స్టేజీ మీద వాడు నన్ను ఆడుతున్నాడని. నిజమేనంటావా? దానికోసమేనా చూసింది?”

“నేనూ ఆడాను గదా నాన్నా మిమ్మల్ని.”

“నువ్వు చిన్నప్పట్నుంచీ చూశావు. అది వేరు.”

అక్కణ్ణించి కార్నీకి ఒకటే పట్టుదల. ఎక్కడో ఒకచోట ఇద్దరూ ఒకే స్టేజీకి రాకపోరు. ఆ సోమవారం తన కట్ట ముందుంటే, ఎమ్మెట్ అందరి ఎదుటా ఆ ఆట వదులుకోవాలి. ఎవరిదో లోకానికి తెలిసిపోతుంది.

ఆ సోమవారం రాచెస్టర్‌లో వచ్చింది. ఎమ్మెట్ పోస్టరు మీద పెద్ద పేరు. జనం ఇంకా కోట్లు విప్పుకుని కూర్చోకముందే ఆడే మొదటి ఆట కార్నీది. అక్కడి స్టేజీ మేనేజరు ఆగీ పెల్, మా ఆచారానికి పూజారిలాంటివాడు. ఓసారి ఎంతో పేరున్న గాయని చేత కూడా పాట మాన్పించాడు. కార్నీ తెల్లారకముందే పోయి, తలుపు తెరవగానే మొట్టమొదట తన కట్ట పెట్టాడు. తర్వాత కుక్కల ఆట ఆడే టిల్లీ గాంట్జ్ వచ్చింది, ఆ వెనక గారడీవాళ్ళొచ్చారు. అందరూ వరస చూశారు. ఎమ్మెట్ బొచ్చు కాలరు కోటు వేసుకుని చిట్టచివర్న వచ్చాడు. మెడలో మఫ్లరు లేదు.

“తమ్ముడూ, సూపు ఆట నాది. నా కట్ట ముందుంది” అన్నాడు కార్నీ.

“నాన్న నీ ఒక్కడికే నాన్నా? నేనూ ఆ బల్ల దగ్గరే తిన్నాను.”

“తిన్నావు. కన్నెత్తి ఆయన్ని చూడలేదు.”

“పోయి చూశాను గదా! నెల్లాళ్ళు పనిగట్టుకుని చూశాను. నీకంటే బాగానే చూశాను. నమ్మకపోతే జనాన్నడుగు.”

“జనాన్నెందుకు, ఆగీనే అడుగుదాం.”

ఆగీ పెల్ గొంతు సవరించుకున్నాడు. “ఇక్కడంతా దుమ్మురా బాబూ” అంటూ వంగి, కట్టలన్నీ ఎత్తి, మోకాలి మీద దులిపి, తీరిగ్గా మళ్ళీ వరసగా పెట్టాడు. ముందు ఎమ్మెట్ కట్ట పెట్టాడు. కార్నీది చివర.

“ముందున్నది ఎమ్మెట్‌ది. ఆచారం ఆచారమే” అన్నాడు.

కంచే చేను మేసింది! అందరి కళ్ళెదుటా, పట్టపగలు!

“ఆగీ, నా మొహం చూసి చెప్పు ఆ మాట.”

ఆగీ చూడలేదు. “బయట జనం చూశావా? వాళ్ళు ఎవడి కోసం వచ్చారనుకుంటున్నావు? నాకూ పిల్లలున్నారు కార్నీ.”

కార్నీ టిల్లీ వైపు తిరిగాడు. అంతకు ముందేడు ఆమె కుక్కపిల్లకు జబ్బు చేస్తే, రైలు ప్రయాణమంతా ఒళ్ళో పెట్టుకుని తన సూపే తాగించి బతికించినవాడు అతను. “టిల్లీ అక్కా, నువ్వొచ్చేసరికి నా కట్ట ఒక్కటే ఉంది గదా? నువ్వు చెప్పు.”

“ఈ కుక్కల గోలలో నాకేం కనబడుతుంది నాయనా” అంది టిల్లీ, గొలుసుల చిక్కు తీసుకుంటూ. ఆ కుక్క మాత్రం కార్నీని గుర్తుపట్టి చెయ్యి నాకింది. గారడీవాళ్ళు తమ బూట్లు చూసుకున్నారు. ఛీ, మా బతుకులు!

మధ్యాహ్నం ఆటలో కార్నీ గిన్నె లేకుండా వెళ్ళాడు. పాతబడిన జోకులేవో చెప్పాడు. జనం దగ్గారు, కార్యక్రమం కాగితాలు తిరగేసుకున్నారు. అతను దిగి సైడు తెర వెనక నిలబడ్డాడు. ఎమ్మెట్ వంతు వచ్చింది. వాడు చెయ్యి ఎత్తడం, తల వాలడం, ఆ గురక, అన్నీ తండ్రివే. ఒక్క క్షణం కార్నీకి కోపం కూడా పోయింది. నాన్న అక్కడున్నాడు మరి! గిన్నె ఒరిగింది. సూపు అంచుకొచ్చింది.

ఎమ్మెట్ ఒలికించాడు. కావాలనే. ఎర్రగా చొక్కా నిండా, ఒళ్ళంతా. కెవ్వుమని ఎగిరి గంతేశాడు. అందగత్తె ఇంకో గిన్నె తెచ్చింది, అదీ కుమ్మరించుకున్నాడు. హాలు పడీపడీ నవ్వింది. కార్నీకి ఎన్నడూ దక్కనంత నవ్వు అది. అతను తన కట్ట తీసుకుని వెనక తలుపులోంచి బయటికొచ్చేశాడు. మళ్ళీ ఏ స్టేజీ ఎక్కలేదు.

ట్రాయ్‌లో తండ్రి పనిచేసిన కార్ఖానాలోనే ఇసుక ఎత్తే పని దొరికింది. చేరిన మొదటిరోజు ఇంటికొచ్చి పొయ్యి మీద సూపు పెట్టి, తండ్రి గిన్నె నింపి ఒళ్ళో పెట్టాడు. మిగిలింది తను వంచుకున్నాడు.

“రాచెస్టర్‌లో తమ్ముణ్ణి చూశావుటగా” అన్నాడు మలాకీ. ఎన్నాళ్ళనుంచో గొంతులో పెట్టుకున్న ప్రశ్నలా ఉంది. “ఎలా ఆడాడురా నన్ను?”

“బాగా ఆడాడు నాన్నా.”

“ఒలికించలేదు కదా?”

కార్నీ చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. చెప్పొచ్చు. ఇన్నాళ్ళ అన్యాయమూ ఆ ఒక్క ముక్కతో తీర్చేసుకోవచ్చు. తండ్రి మొహం చూశాడు.

“ఒక్క చుక్క కూడా ఒలికించలేదు.”

ముసలాయన మొహం విప్పారింది. “చూశావా! మరి నేనేమో వాణ్ణి అపార్థం చేసుకున్నాను. ప్రేమ లేకపోతే అంత నిశితంగా చూస్తాడుట్రా ఎవడైనా? మీ ఇద్దర్లో వాడికే నా పోలిక” అన్నాడు. సంతోషంలో గబగబా తినేసి, ఖాళీ గిన్నె ముందుకు జరిపాడు. “ఇంకొంచెం ఉందా?”

కుండలో ఏమీ లేదు. కార్నీ తన గిన్నె తీసి తండ్రి గిన్నెలోకి వంచాడు.