పిస్కిలవ్వ తొలి కట్ట

ఆమె అసలు పేరు ప్రిస్కిల్లా. బాప్తిస్మం నాడు పెట్టిన పేరు. మంథని అవతల ఉన్న ఆ ఊళ్లో అంత పేరు ఎవరి నోట పలుకుతుంది? పెళ్లయి వచ్చిన ఏడాదికే పిస్కిలవ్వ అయి కూర్చుంది. నాట్ల కాలం వస్తే ఇరవై మంది ఆడవాళ్లకు ముందు నడిచే మనిషి. పాతికేళ్లలో ఊళ్లో ఆమె కాలు పెట్టని మడి లేదు. అందులో ఒక్కటీ ఆమెది కాదు.

మొగుడు యేసుదాసు చర్చిలో సంఘపెద్ద. మంచివాడే పాపం, చేతికి మట్టి మాత్రం అంటనివ్వడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మంథని బస్టాండు దగ్గరి హోటల్లో కూర్చుంటే, చాయ్ చల్లారేలోపు లోకంలో ఏ యుద్ధం ఎలా ఆపాలో తేల్చేస్తాడు.

ఈ ఏడు పిస్కిలవ్వ మొండికేసి రెండెకరాలు కౌలుకు పట్టింది. సన్న వడ్లు వేసింది. నాటు వేసిన రోజు గెట్టు మీద మోకరించి, "ప్రభువా, తొలి కట్ట నా చేతులతోనే తెచ్చి నీ ముందర పెడ్త" అని మొక్కుకుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్ల చర్చిలో కోతపండుగకు ఓ పద్ధతి ఉంది. తొలి కట్ట ఇంటి యజమాని పట్టుకుని బలిపీఠం దాకా నడవాలి. భార్య వెనకాల గుమ్మడికాయ మోయాలి. ఆ పద్ధతి పెట్టిన మహానుభావుడు ఎప్పుడూ గుమ్మడికాయ ఎత్తి ఉండడు.

పండుగకు వారం ముందే ఆమె పాస్టరు స్టీఫెన్ దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, మొక్కుకున్నది నేను. కట్ట నేనే తెస్త."

"అట్ల కుదరదమ్మా. దేవుడు స్త్రీని పురుషునికి సహాయంగ ఇచ్చిండు. ముందు నడిచేటందుకు కాదు."

"జర గా మాట మొత్తం చదువుండ్రి. 'సాటియైన సహాయం' అని ఉన్నది. మీరు ఎప్పుడు చెప్పినా గా 'సాటి'ని మింగుతరు."

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "దాని గురించి తర్వాత మాట్లాడుదాం" అన్నాడు. నాలుగేళ్లుగా ఆయన తర్వాతే మాట్లాడుతున్నాడు.

ఇంటికొచ్చి పిస్కిలవ్వ ఏడ్చింది. మనుషుల ముందు ఎలాగూ వెనకే నడిచింది, దేవుడి ముందు కూడానా అని కడుపు మండి ఏడ్చింది.

శనివారం సాయంత్రం యేసుదాసు కొడవలి పట్టుకుని కట్ట కోసుకురావడానికి బయల్దేరాడు.

"మడి ఎక్కడున్నదో ఎరుకేనా?" అంది ఆమె.

"నా పొలం నాకు ఎరుక లేదా?" అని మీసం దువ్వాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆదివారం చర్చి నిండింది. వాళ్ల పక్క మడి రైతు పోశం కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయన మొక్కే దేవుడు వేములవాడలో ఉన్నా, కోతపండుగ బగారన్నం దగ్గర ఏ దేవుడూ అడ్డు చెప్పడు. వచ్చీ రాగానే మొర పెట్టుకున్నాడు.

"నా మడిల ఓ మూల కోసుకపోయిండ్రు. పందులనుకుందామంటే కొడవలి గాట్లున్నయి. పందులు కొడవలి పట్టుడు ఎప్పుడు నేర్చినయో!"

ఇంతలో పాస్టరు "యేసుదాసు కుటుంబం!" అని పిలిచాడు. కట్ట భుజాన వేసుకుని యేసుదాసు ఛాతీ విరుచుకుని నడిచాడు. వెనకాల గుమ్మడికాయతో పిస్కిలవ్వ. ఆ వరి వెన్నులు ఊగి ఊగి ఆమె ముఖానికే తగులుతున్నాయి. సగం దూరం వెళ్లాక గుమ్మడికాయ చంకకు సర్దుకుని, ఓ గింజ తెంపి కొరికింది. కాళ్లు ఆగిపోయాయి.

"ఓ బెన్నీ బాపూ, ఆగు!" కొడుకు పేరుతోనే మొగుణ్ణి పిలుస్తుంది ఆమె. "గివి దొడ్డు వడ్లు!"

"అయితే ఏంది?"

"మనం ఏసింది సన్నాలు! నువ్వు కోసింది పోశం మడి!"

"దొరికింది నా పంది!" అన్నాడు పోశం వెనక నుంచి. చర్చి మొత్తం గొల్లుమంది. నవ్వి నవ్వి పోశమే జాలిపడ్డాడు. "పోనియ్ వదినా, దేవునికే గదా!"

పొరుగింటి పుల్లకూర రుచి నిజమే కానీ, దేవుడికి కూడా అదే పెడతామా? పిస్కిలవ్వకు నవ్వు రాలేదు.

"దొంగ వడ్లతోని నా మొక్కు తీరదు, అయ్యగారూ. జర పాటలు పాడుతుండుండ్రి, ఇప్పుడే వస్త." గుమ్మడికాయ మొగుడి చేతుల్లో పెట్టి బయటికి నడిచింది.

నాలుగు పాటలు అయిపోయి ఐదోది అందుకునేసరికి తిరిగొచ్చింది. మోకాళ్ల దాకా బురద, నెత్తి మీద సన్న వడ్ల కట్ట. నేరుగా బలిపీఠం వైపే నడిచింది. పాస్టరు "యేసుదా..." అని మొదలుపెట్టి, ఆమె కాళ్ల వైపు చూసి ఆగాడు.

"ప్రిస్కిల్లా కుటుంబం" అన్నాడు.

ఆ పేరు పూర్తిగా విని ఎన్నేళ్లయిందో! కట్ట బలిపీఠం మీద పెడుతుంటే ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. ఆ రోజు ప్రార్థనలో అయ్యగారు 'సాటి'ని మింగలేదు.

వెనకాల యేసుదాసు మూడుసార్లు చెయ్యి మార్చుకుంటూ ఎలాగో వచ్చి చేరాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసిపోయింది.

"గీ గుమ్మడికాయ ఇంత బరువుంటదనుకోలే" అని గొణిగాడు.

"రేపు పొద్దుగాల నాతోని రా, మన గెట్టు ఏదో చూపిస్త" అంది పిస్కిలవ్వ. "కొడవలి మర్చిపోకు."