వదినగారి ఉప్పు సరస్సు

మా ఆయన అక్కగారు ఉంగుటూరు దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడని నేను వదినగారూ అని పిలుస్తాను. పెళ్లి చేసుకోలేదు. తాడేపల్లిగూడెంలో చర్చి వెనక వీధిలో చిన్న ఇల్లు కట్టుకుని ఒక్కరే ఉండేవారు. ఏటా సరస్సుల పాఠం వచ్చినప్పుడు పిల్లలందరినీ కొల్లేటి గట్టు మీదకి తీసుకువెళ్లి, మంచినీటి సరస్సు అంటే ఇదీ అని చూపించేవారట. ఉప్పునీటి సరస్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బోర్డు మీద సుద్దముక్కతో గుండ్రంగా గీసి ఊరుకోవాల్సి వచ్చేది.

"చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం నాకెప్పుడూ బాగుండేది కాదమ్మాయ్," అనేవారు.

రిటైరైన తర్వాత, రెండువేల ఐదో ఆరో సంవత్సరం వేసవిలో, లడఖ్ యాత్ర అని ఒక కరపత్రం పట్టుకుని ఏలూరులో మా ఇంటికి వచ్చారు. అందులో ఎత్తైన కొండల నడుమ తెల్లటి ఉప్పు మేటల బొమ్మ ఉంది. కింద సో కర్ ఉప్పు సరస్సు అని రాసి ఉంది. తోడు రమ్మన్నారు. మా ఆయనకి మందుల షాపు వదలడానికి వీల్లేదు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సెలవు పెట్టి బయల్దేరాను.

యాత్ర నడిపే మేనేజరు తాడేపల్లిగూడెం మనిషే. కాశీ, బదరీ తిప్పి పేరు తెచ్చుకున్నాడు. లడఖ్ ఆయనకీ కొత్తేనని మాకు అక్కడికి వెళ్లాక తెలిసింది. ఆయన మాట వింటే ఎవరికైనా కోపం వచ్చే వీలు లేదు. ప్రతి మాటకీ చివర అండీ ఉంటుంది. రైల్లో ఫ్యాను తిరగడం లేదంటే "ఆయ్, చూస్తానండీ," అంటాడు. చూడడు. మళ్లీ అడిగితే "ఇందాకే చెప్పానండీ," అంటాడు. మా గోదావరి వైపు మర్యాద మీద నాకు చిన్నప్పటినుంచీ ఉన్న గర్వం ఆ ప్రయాణంలో పోయింది. మనిషిని ఎంత నిర్లక్ష్యంగా చూసినా చివర అండీ తగిలిస్తే అది మర్యాద అయిపోతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఢిల్లీలో మబ్బుల వల్ల మా విమానం మర్నాటికి వాయిదా పడింది. అది ఎవరి తప్పూ కాదు. తప్పు ఆ తర్వాత జరిగింది. లేహ్ చేరాక కొండగాలికి ఒళ్లు అలవాటుపడేదాకా విశ్రాంతి తీసుకోవాలని కరపత్రంలోనే రాసి ఉంది. విమానాశ్రయం గోడ మీద పెద్ద బోర్డు కూడా ఉంది. పోయిన రోజుని కలుపుకోవడానికి మేనేజరు ఒక్క గుడినీ, ఒక్క సరస్సునీ తీసెయ్యలేదు. ఆ విశ్రాంతిని తీసేశాడు. చూపిస్తానన్నది చూపించకపోతే జనం అడుగుతారు. పడుకోబెడతానన్న మనిషి పడుకోబెట్టలేదని ఎవరడుగుతారు?

నేను అడిగాను. "బోర్డు మీద అలా రాశారు కదండీ, రేపే పైకి వెళ్లడమేమిటి?"

"అవి ఫారినర్ల కోసం రాసినవండీ. మనవాళ్లు గట్టివాళ్లండీ. కాస్త వెల్లుల్లి నమిలితే సరిపోతుందండీ."

మా గుంపులో అందరికంటే మాట చెల్లే మనిషి ఒక రిటైరైన తహసీల్దారు గారు. ఆయన "టైం వేస్టు చెయ్యడం దేనికీ, వెళ్దాం," అన్నారు. ఆయన భార్య పక్కన నిలబడి శాలువా సర్దుకుంటూ ఉంది. ఆవిడ ఆ ప్రయాణంలో అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు.

తెల్లారి జీపుల్లో బయల్దేరాం. మంచు పక్కనించి ఒక కనుమ ఎక్కి దిగాం. కనుమ మీద ఫొటోలకి ఆపినప్పుడు వదినగారు దిగలేదు. తల పగిలిపోతోందన్నారు. కానీ మధ్యాహ్నం దాటాక ఆ మైదానంలోకి దిగి, దూరంగా నీలంగా నీళ్లూ, వాటి చుట్టూ తెల్లగా ఉప్పూ కనిపించేసరికి ఆవిడ ముఖం మారిపోయింది. చీర కుచ్చిళ్లు స్వెట్టర్‌లోకి దోపుకుని, నా భుజం పట్టుకుని ఆ తెలుపు మీదకి నడిచారు. అడుగు వేస్తే పైన పెచ్చు విరిగి కింద బురద పైకి వస్తోంది. వంగి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నారు.

"మన ఉప్పులా లేదు. చేదుగా ఉంది," అన్నారు. మళ్లీ వేసుకున్నారు. దూరంగా నీటి అంచున బూడిదరంగు బాతులు మేస్తున్నాయి. "వీటిని కొల్లేట్లో చూశానమ్మాయ్, చలికాలంలో," అని నవ్వారు. ఆ నవ్వులోనే దగ్గు తెర వచ్చింది. వచ్చిన దగ్గు ఇక ఆగలేదు.

ఆ సాయంత్రం గుడారంలో తిన్నది తిన్నట్టు కక్కేశారు. గుంపుతో వచ్చిన వంటాయన వేడినీళ్లు కాచి ఇచ్చాడు. మేనేజరు వచ్చి చూసి, అందరికీ ఇలాగే ఉంటుందండీ, పొద్దున్నకి సర్దుకుంటుందండీ అని వెళ్లాడు. తహసీల్దారు గారు గుడారం గుమ్మంలో నిలబడి, "ప్రార్థన చేసుకోండమ్మా. మీవాళ్లకి దానిమీద గురి ఎక్కువ కదా," అన్నారు. ఆయన దాన్ని ఓదార్పు అనే అనుకున్నారు. అందుకే నాకు మరింత మండింది. మందు కావాల్సిన మనిషికి మతం గుర్తుచేశారు.

పొద్దున్నకి సర్దుకోలేదు. ఊపిరి తీస్తుంటే ఛాతీలో బుడబుడమని చప్పుడు వస్తోంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. లేపి కూర్చోబెడితే ఒక పక్కకి ఒరిగిపోతున్నారు. నా వైపు చూసి, "ఉంగుటూరు బస్సు వెళ్లిపోయిందా?" అని అడిగారు.

పక్క మంచం మీదావిడ కిసుక్కున నవ్వింది. వదినగారు ఎంత జ్వరంలోనూ మాట తడబడే మనిషి కాదు.

బయట జీపులకి సామాను కడుతున్నారు. ఆ రోజు ఇంకో పెద్ద సరస్సు చూసి, అక్కడ బస చేసి, మర్నాడు పాంగాంగ్ సరస్సు వైపు వెళ్లాలని కార్యక్రమం. నేను మేనేజరు దగ్గరికి వెళ్లాను.

"ఒక జీపు ఇవ్వండి. ఆవిణ్ణి వెంటనే కిందికి తీసుకెళ్లాలి."

"ఒక బండి వెనక్కి వెళ్తే మిగతావాళ్లు ఎక్కడ కూర్చుంటారండీ?"

"సర్దుకుని కూర్చుంటారు. ఆవిడ మనిషిలా లేరు, వచ్చి చూడండి."

"రాత్రి చూశాను కదండీ. మనం వెళ్లే చోట డాక్టరుంటాడండీ. అక్కడ చూపిద్దామండీ."

"అది కూడా ఇంతే ఎత్తు కదా?"

మేనేజరు జీపు మీద సామాను తాడు బిగిస్తూ, "అందరి అభిప్రాయం కూడా చూడాలి కదండీ," అన్నాడు.

నిజంగానే అందరినీ పిలిచి అడిగాడు. ఆ చలిలో, ఆ తెల్లటి నేల పక్కన, ఉప్మా పళ్లేలు చేతుల్లో పట్టుకుని మా ఊళ్లవాళ్లు ఒక మనిషి ప్రాణం గురించి అభిప్రాయాలు చెప్పారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. రైల్లో ఆవకాయ పంచుకున్నవాళ్లే. ఒకాయన, ఇంత దూరం మళ్లీ వస్తామా అన్నాడు. ఇంకొకావిడ, వయసు చూసుకుని బయల్దేరాల్సింది అంది. తహసీల్దారు గారు గొంతు సవరించుకుని, "ఒకరి కోసం అందరి ప్రోగ్రాం పాడుచెయ్యడం న్యాయం కాదు. రెండు రోజులు ఓపిక పడితే అందరం కలిసే దిగుతాం," అని తీర్పు చెప్పేశారు. నా జేబులో సెల్‌ఫోను ఉంది. ఊరంతటికీ లైన్లు కలిపే ఆఫీసులో పనిచేసేదాన్ని, అక్కడ ఒక్క గీత సిగ్నలు లేదు.

నేను వెళ్లి మొదటి జీపు ముందు కూర్చున్నాను. నేల మీదే. అది ధైర్యమేమీ కాదు, ఇంకేం చెయ్యాలో తెలియలేదు. డ్రైవరు ఇంజను ఆపి మేనేజరు వైపు చూశాడు.

"లేవండి మేడం, బాగోదండీ," అన్నాడు మేనేజరు.

"బాగోకపోతే బాగోకపోనివ్వండి."

అప్పుడు వెనక జీపు తలుపు తెరుచుకుంది. తహసీల్దారు గారి భార్య దిగింది. చేతిసంచీ కూడా తీసుకుని మరీ దిగింది. మెల్లగా భర్త దగ్గరికి వచ్చి, "ఏవండీ, నాకూ బాగోలేదు. తల తిరుగుతోంది. నేనూ వీళ్లతో కిందికి వెళ్తాను," అంది.

ఆయన ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి మేనేజరు వైపు తిరిగారు. "మా ఆవిడకి బాగోలేదంటోందయ్యా. బండి పెట్టించు."

"ఆయ్, అలాగేనండీ," అన్నాడు మేనేజరు.

అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మతి తప్పి మాట్లాడుతున్న టీచరమ్మకి దొరకని బండి, తహసీల్దారు గారి భార్యకి తల తిరిగేసరికి దొరికింది. మిగతావాళ్లు ఎక్కడ కూర్చుంటారని ఎవరూ అడగలేదు. ఒక్కొక్క జీపులో ఒక్కొక్కరు ఎక్కువగా చక్కగా సర్దుకున్నారు. ఇందాక న్యాయం చెప్పిన నోళ్లే "జాగ్రత్తగా వెళ్లండమ్మా" అన్నాయి.

తహసీల్దారు గారు మాతో రాలేదు. "నువ్వు లేహ్‌లో రెస్టు తీసుకో, నేను పాంగాంగ్ చూసి వచ్చేస్తా," అని భార్యకి చెప్పి తన జీపు ముందు సీట్లో కూర్చున్నారు.

మా జీపు ఇంకో చిన్న కనుమ దాటి, ఏటి పక్క దారి పట్టుకుని కిందికి దిగింది. వెనక సీట్లో వదినగారిని మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకున్నాం. ఆవిడ తల తహసీల్దారు గారి భార్య భుజం మీద ఉంది. చాలా దూరం వచ్చాక నేను అడిగాను.

"మీకు ఎలా ఉందండీ ఇప్పుడు?"

"నాకేమీ లేదమ్మా," అంది ఆవిడ. "తల తిరగడమూ లేదు, ఏమీ లేదు. ఊరికే కూర్చుని చూడలేకపోయాను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఆయన కూడా వస్తారేమో అనుకున్నాను," అంది కాసేపటికి కిటికీలోంచి బయటికి చూస్తూ. "రాలేదు. మంచిదేలే."

దారిలో ఒక ఆర్మీ శిబిరం దగ్గర డ్రైవరు ఆపాడు. వాళ్ల డాక్టరు వదినగారి ఛాతీ విని, ముక్కుకి ఆక్సిజను పెట్టి, ఇంజక్షను ఇచ్చి, లేహ్ ఆసుపత్రికి తన మనిషిని తోడిచ్చి పంపాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మాతో హిందీలో చాలా కోపంగా మాట్లాడింది. విమానం దిగిన మర్నాడే అంత పైకి ఎవరు తీసుకెళ్లారు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది, ఇంకో రాత్రి అక్కడే ఉంటే మిగిలేది కాదు అంది. ఆ తిట్లు తినాల్సినవాడు ఆ సమయానికి ఇంకో సరస్సు ఒడ్డున అందరినీ నిలబెట్టి ఫొటో తీస్తున్నాడు. అతని తరఫున నేను తలవంచుకుని విన్నాను.

వదినగారు కోలుకున్నారు. తెలివి వచ్చి మాట్లాడిన రోజు ఆవిడ మొదట అడిగింది, తన చెప్పులకి అంటిన ఉప్పు ఎవరైనా కడిగేశారా అని. కడిగేశారు. ఆసుపత్రిలో ఆయా శుభ్రంగా కడిగి ఎండబెట్టింది.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకి తాడేపల్లిగూడెంలో ఒక హోటలు మేడ మీద హాల్లో యాత్రికుల కలయిక అని పిలిచారు. వద్దనుకుంటూనే వెళ్లాం. మేనేజరుకి శాలువా కప్పారు. ఆయన మైకు పట్టుకుని, "మార్గమధ్యంలో ఒకావిడకి స్వల్ప అస్వస్థత కలిగితే వెంటనే ప్రత్యేక వాహనం ఏర్పాటు చేసి ఆసుపత్రికి పంపించామండీ. మా యాత్రలో మనిషే ముఖ్యమండీ," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ జీపు ముందు నేను కూర్చోవడం చూసినవాళ్ల చేతులే అవి.

నేను లేచాను. విశ్రాంతి ఎలా తీసేశారో, అభిప్రాయాలు ఎలా అడిగారో, బండి ఎప్పుడు దొరికిందో వరసగా చెప్పాను. తహసీల్దారు గారి భార్య తల తిరుగుడు ఉత్తిదన్న సంగతి మాత్రం బయటపెట్టలేదు. ఆ రహస్యం నాది కాదు. భర్త పక్కన కూర్చుని ఆవిడ నన్నే చూస్తూ ఉంది.

నేను కూర్చున్నాక వెనకనుంచి ఎవరో, "ఇప్పుడవన్నీ ఎందుకులెండి, క్షేమంగా వచ్చేశారు కదా," అన్నారు. హమ్మయ్య అన్నట్టు అందరూ కదిలారు. మేనేజరు "మేడం బాధ అర్థం చేసుకోగలనండీ," అన్నాడు. ఈలోగా జీడిపప్పు పకోడీలు వచ్చాయి. క్షమించండి అన్న మాట ఆ రోజు ఆ హాల్లో ఎవరి నోటా రాలేదు. తర్వాతా రాలేదు.

రెండేళ్లకి మా ఆఫీసులో ఒకాయన అదే మనిషితో లడఖ్ వెళ్లివచ్చి తెగ మెచ్చుకున్నాడు. లేహ్‌లో కదలనివ్వలేదట, మంచం దిగితే కోప్పడ్డాడట, జీపులో ఆక్సిజను సిలిండరు కూడా పెట్టాడట. "ఎంత జాగ్రత్తపరుడో అండీ," అన్నాడు. ఆ జాగ్రత్త ఎవరి ఊపిరితో నేర్చుకున్నాడో అతనికి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పాను కూడా. నమ్మినట్టు కనిపించలేదు.

ఆ ఆదివారం తాడేపల్లిగూడెం వెళ్లినప్పుడు వదినగారికి ఈ సంగతి చెప్పాను. ఆవిడ పెరట్లో మునగాకు దూస్తున్నారు. పోనీలే, ఇంకొకరికైనా మేలు జరిగింది అంటారనుకున్నాను. ఆవిడ రెమ్మ పక్కన పడేసి నా వైపు చూశారు.

"ఆ రోజూ అలాగే లేహ్‌లో ఆపి ఉంటే ఏం పోయేదమ్మాయ్? ఆ రెండో సరస్సు కూడా చూసేదాన్ని కదా," అన్నారు. ఆవిడ గొంతులో అంత కోపం నేను ఎప్పుడూ వినలేదు.