వంటగది లేని రూము

"పార్కుకు నేనొస్త. గాని ఎవరింట్లనన్న దిగుడైతే మాత్రం రాను" అని మా ఆవిడ ఎల్లారెడ్డిలోని మా వంటింట్లోంచి ప్రకటించినప్పుడు, ఆమె చేతిలోని గంటె నా వైపే తిరిగి ఉంది. మామూలు రోజుల్లో ఆ గంటె మూరెడు ఉంటుంది. ఆ రోజు కామారెడ్డి రైల్వే గేటు కర్రంత కనిపించింది.

పిల్లలు ఎప్పటినుంచో థీమ్ పార్కు, థీమ్ పార్కు అని ప్రాణం తీస్తున్నారు. హైదరాబాదు అవతల, ఔటర్ రింగు రోడ్డు దాటాక ఉందది. అక్కడ మనుషుల్ని తలకిందులుగా వేలాడదీసి, గిరగిరా తిప్పి, నీళ్లలోకి విసిరి, మళ్లీ బయటికి తీస్తారు. ఇంత చేసినందుకు డబ్బు మనమే ఇవ్వాలి. మా అమ్మాయి ఇంటరు, అబ్బాయి తొమ్మిదో తరగతి. వాళ్ల స్నేహితుల్లో ఆ పార్కులో వాంతి చేసుకోనివాళ్లు వీళ్లిద్దరే మిగిలారట. ఇంతటి అవమానం ఏ తండ్రి తట్టుకోగలడు?

ఒక్క రోజులో వెళ్లి వచ్చే వ్యవహారం కాదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సు, కామారెడ్డి నుంచి సికింద్రాబాదుకు రైలు, అక్కడినుంచి ఊరంతా దాటాలి. మనం చేరేసరికి వాళ్లు గేటు మూసి అన్నాలు తింటుంటారు. కాబట్టి ఎక్కడో ఒకచోట దిగాలి. మా వంశంలో ఈ ప్రశ్నకు తరతరాలుగా ఒకటే జవాబు: హైదరాబాదులో ఉన్న చుట్టం ఇల్లు. ప్రస్తుతం ఆ పదవిలో మా అక్క ఉంది.

మా అక్క బంగారం. మా ఆవిడ కూడా కాదనదు. ఆమె పేచీ అక్కతో కాదు, అక్క వంటింటితో. "చార్మినార్ చూద్దామని పోయినం. నేనేం చూసిన? సింకు చూసిన. జూ పార్కు అన్నరు. మీరు పులిని చూస్తుంటె నేను ఇంట్ల ఉల్లిగడ్డలు కోసుకుంట ఉన్న. పెండ్లయినకాంచి నేను చూసిన పట్నమంత రొట్టెల పెనం మీదనే ఉన్నది. నాకు ఒక్కసారి, ఎవలో వేసిన పక్క మీద కాళ్లు చాపుకోని, ఎవలో పెట్టిన చాయ తాగాల. గంతే."

ఆమె అడిగింది రాజ్యం కాదు, కప్పు చాయ. కానీ మా వైపు సొంత అక్క ఊళ్లో ఉండగా లాడ్జిలో దిగడమంటే, అక్కతో తెగదెంపులు చేసుకున్నానని మైకు పెట్టి ఆటోలో తిరిగినట్టే. అందుకని మా అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పకుండా, అక్కకు తెలియకుండా, చవకైన హోటలు వెతకాలని తీర్మానించాం. గూఢచారి పనులకు నేను పుట్టుకతోనే తగినవాణ్నని నా నమ్మకం.

నేను కామారెడ్డిలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. రోజూ బస్సులో రాకపోకలు. తెల్లారి బస్సులో ఫోనులో హోటళ్ల ఫోటోలు చూస్తుంటే వెనక సీటు పెద్దమనిషి నా భుజం మీదుగా మెడ చాపాడు.

"ఏంది సార్, లాడ్జిలు చూస్తున్నవ్? మీ అక్క పట్నంలనే ఉన్నది గద?"

"ఊరికే చూస్తున్న."

"ఊరికే ఎవలన్న లాడ్జి చూస్తరా?"

డ్రైవరు కూడా అద్దంలోంచి నన్ను చూశాడు. ఆ చూపులో బస్సు కొంచెం పక్కకు పోయింది. ఇక లాభం లేదని, ఆ సాయంత్రం కామారెడ్డి స్టేషను రోడ్డులో సెల్‌ఫోన్ల షాపు నడిపే నా మిత్రుణ్ని ఆశ్రయించాను. దుబాయిలో చాలా ఏళ్లు ఉండి వచ్చినవాడు. ప్రపంచంలో తనకు తెలియని హోటలు లేదంటాడు. నిజానికి అక్కడ టాక్సీ నడిపేవాడు కాబట్టి, అన్ని హోటళ్లనూ గేటు దాకా తెలిసినవాడు.

"అన్నా, ఫోటోలు చూసి మోసపోకు" అన్నాడు, నా ఫోను లాక్కుని. "గీ రూం చూడు. టవల్‌తోని హంసను చేసి మంచం మీద పెట్టిండ్రు. వద్దే వద్దు."

"ఎందుకు భాయ్? ముచ్చటగుంది గద?"

"పనోళ్లకు హంసలు చేసే టైమున్నదంటే గిరాకీ లేనట్టు. గిరాకీ లేదంటే ఏదో ఖరాబున్నట్టు. ఇంకోటి యాదుంచుకో. ఫోటోల మంచం ఎంత పెద్దగుంటే రూం అంత చిన్నగుంటది."

ఈ సిద్ధాంతం ప్రకారం పార్కు చుట్టుపక్కల హోటళ్లన్నీ ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. ఈత కొలను ఉన్నదాంట్లో నీళ్లు లేవని ఎవరో రాశారు. నీళ్లున్నదాంట్లో ఈత కొలను లేదు గానీ, వానాకాలంలో రూములోనే ఈదవచ్చని ఇంకెవరో రాశారు. ఒక హోటలువాళ్లు "పార్కు నుంచి నడిచేంత దూరం" అని పెట్టారు. ఫోను చేసి, ఎంత దూరమయ్యా అంటే, "గీడనే సార్" అన్నాడు.

నేను ఎల్లారెడ్డివాణ్ని. "గీడనే" అంటే ఇక్కడే అని అర్థం, కానీ ఆ ఇక్కడే ఎంత దూరమో నాకు తెలుసు. మా దగ్గర ఎవరినైనా దారి అడిగి, వాడు "గీడనే" అన్నాడని నమ్మి బయలుదేరితే, కాలువ దాటుతుంది, చెరుకు తోటలు దాటుతాయి, మండలం మారిపోతుంది, చెప్పుల అడుగులు అరిగి కాళ్లు నేలకు తగులుతాయి. అప్పుడు ఇంకొకణ్ని అడిగితే వాడూ "గీడనే" అంటాడు.

ఇంకో హోటలు బాగుంది గానీ, "పిల్లల వయసెంత సార్? పన్నెండు లోపైతే ఎక్స్‌ట్రా లేదు" అన్నారు. మా అబ్బాయికి బస్సు టికెట్ల నిమిత్తం చాలాకాలం నుంచి పదకొండేళ్లే. ఆ మాట ఫోనులో చెబుతుంటే వాడు పక్కనే మూతి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"డాడీ, నాకు మీసాలొస్తున్నయి."

"గీసుకోరా."

"మరి పార్కుల ఎత్తు చూస్తరట. పొట్టిగుంటే పెద్ద రైడు ఎక్కనియ్యరు."

ఇది నిజంగా చిక్కే. వాడు హోటల్లో పొట్టిగానూ, సగం టికెట్టు కోసం పార్కు గేటు దగ్గర ఇంకా పొట్టిగానూ, రైడు దగ్గర మాత్రం తాటిచెట్టంతగానూ ఉండాలి. ఇంత వ్యాయామం వాడివల్ల కాదని ఆ హోటలునూ వదిలేశాం.

చివరికి దారి చూపింది ఫోను కాదు, గోడ మీది క్యాలెండరు. అందులో ఆ నెలంతా మూఢం అని ఉంది. నా బుర్రలో ట్యూబులైటు రెండు మూడుసార్లు మినుకుమని వెలిగింది. మూఢంలో పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేకపోతే ఫంక్షన్ హాళ్లు ఖాళీ. ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటే, వాటి మీద పెళ్లివారికని కట్టిన రూములన్నీ ఖాళీ! పార్కు దారిలో అలాంటిదొకటి వెతికి పట్టుకుని ఫోను చేశాను. మేనేజరు గొంతులో నెలరోజుల ఒంటరితనం వినిపించింది. నేను అడగకముందే రేటు తగ్గించాడు. అడిగాక ఇంకా తగ్గించాడు. పెళ్లికొడుకు విడిది రూమే ఇస్తానన్నాడు. ఏసీ, పొద్దున టిఫిను, ఫోను చేస్తే రూముకే చాయ. మీసాల గురించి ఒక్క మాట అడగలేదు.

మా ఆవిడ ఒక్కటే అడిగింది. "ఫంక్షన్ హాలంటే కింద వంటశాల ఉంటది గద?"

"తాళం వేసి ఉంటదట."

"తాళంచెవి ఎవరితాన ఉంటదో అదిగూడ అడుగు."

అంతా ఖాయమైంది. బయలుదేరే రోజు పొద్దున మా అవ్వ గుమ్మంలో బియ్యం మూట పెట్టుకుని కూర్చుంది. మూట అంటే మీరేదో చేతిసంచి అనుకునేరు. దాని పక్కన నిలబడితే మా అబ్బాయి నిజంగానే పదకొండేళ్లవాడిలా కనిపించాడు.

"ఉత్త చేతులతోని అక్క ఇంటికి పోతరా? ఇంటి బియ్యం. దానికి పట్నం బియ్యం సయిస్తలేవు."

"అవ్వా, గింత బరువు..."

"నిన్ను తొమ్మిది నెలలు మోసిన. నేనేమన్న అన్ననా?"

నిజం చెబితే ప్రయాణం ఆగిపోతుంది. చెప్పకపోతే మూట మొయ్యాలి. మా ఆవిడ నన్ను చూసింది. ఆ చూపులో చాయ కప్పు స్పష్టంగా కనిపిస్తోంది. మూట ఎత్తాను. బస్సులో దానికో సీటు. రైల్లో దాని మీద మాకే సీటు. ఆటోవాడు దాన్ని చూసి మమ్మల్ని నలుగురు కాదు, ఐదుగురని లెక్కగట్టాడు.

హోటలు కౌంటరులో మేనేజరు మూటను చూసి మర్యాదగా గొంతు సవరించుకున్నాడు. "సార్, బయటి ఫుడ్డు లోపలికి అలౌ లేదు."

"ఇది ఫుడ్డు కాదయ్యా. బియ్యం. వండితేనే ఫుడ్డు."

"వండుతరా సార్?"

"వండం!" అని మా ఆవిడ అన్న తీరుకు ఆయన వెంటనే తాళంచెవి ఇచ్చేశాడు.

పెళ్లికొడుకు విడిది గది గురించి ఏం చెప్పను! మంచం మీద ఈ చివర నుంచి ఆ చివరకు మాట వినిపించాలంటే ఫోను చెయ్యాలి. మా ఆవిడ ఏసీ వేసింది. తెల్లటి దుప్పటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఫోను ఎత్తి, పెళ్లికొడుకు తల్లి గొంతుతో "ఒక చాయ" అని చెప్పింది. గోడకు దిండు ఆనించి కాళ్లు చాపింది.

ఈలోగా మా అమ్మాయి కింద తమ్ముణ్ని బియ్యం మూట మీద కూర్చోబెట్టి, వెనక ఫంక్షన్ హాలు బోర్డు పడేలా ఫోటో తీసి వాట్సాప్ స్టేటసులో పెట్టింది. అదే సమయంలో ఎల్లారెడ్డి నుంచి మా అవ్వ అక్కకు ఫోను చేసి, "తమ్ముడు బియ్యం తెచ్చిండా?" అని అడిగింది. ఇక అక్కకు తెలుసుకోవలసింది ఏమీ మిగల్లేదు. నాకు ఫోను వచ్చింది.

"ఏడున్నవ్ రా తమ్మీ?"

"ట్రాఫిక్‌ల ఉన్న అక్కా."

"గా ట్రాఫిక్ పేరేంది? గార్డెన్సా, గ్రాండా? బోర్డు జర మసకగ పడ్డది."

చాయ అప్పుడే వచ్చింది. మా ఆవిడ దాన్ని ఊదుకుంటూ, సగం సగం గుక్కలతో, అది తరగకుండా తాగుతోంది. నాకు మాత్రం చెమటలు. ఆ కప్పు ఖాళీ అయ్యేలోగానే మా అక్క వచ్చేసింది. ఆమె ఐదడుగుల మనిషే, కానీ కోపంలో వస్తే తలుపు ఫ్రేము చాలదు. వెనకాల బావ, కారు తాళాలు తిప్పుతూ.

"నేను సచ్చిన్నా? మా ఇల్లు కూలిందా? నలుగురు వింటే ఇజ్జతుంటదా? లే పిల్లా, సామాను సదురు. ఇంటికి పోదాం."

నేను కిటికీలోంచి పార్కింగును చాలా శ్రద్ధగా చూశాను. మా ఆవిడ కప్పు కింద పెట్టింది. కాళ్లు ముడుచుకుంది. దువ్వెన బ్యాగులో వేసింది. ఆమె ముఖం చూస్తే, నేను మోసుకొచ్చిన మూట నా నెత్తిమీదే పడ్డట్టయింది. మనిషి తిట్టినా బాగుండేది.

బ్యాగు జిప్పు సగం లాగి ఆగింది. "వస్త వదినా. గింత దూరం వచ్చినవ్, ఎండల. ఒక చాయ తాగినంక పోదాం. కూసో."

అక్క మంచం అంచున కూర్చుంది. ఏసీ గాలి తగిలి కొంగు సర్దుకుంది. "ఎవలు పెడ్తరు చాయ?"

"ఏమో. ఫోన్ల చెప్తే వస్తది."

"పాలెవలు తెస్తరు?"

"తెల్వది."

"మరి గిన్నెలెవలు కడుగుతరు?"

"తెల్వదంటున్న గద వదినా."

మా ఆవిడ ఫోను చేసి ఇంకో చాయ చెప్పింది. చాయ వచ్చింది. అక్క ఒక గుక్క తాగి, కనుబొమలు ముడిచి, "చక్కెర ఎక్కువైంది" అంది. ఆ మాట అన్నాక ఆమె ముఖం మెల్లగా విచ్చుకుంది. "ఓ పిల్లా, ఇన్నేండ్ల సంది నా చాయకు గా గుమ్మంల నిలవడ్డ మీ అన్న పేర్లు పెడ్తుండె. పేర్లు పెట్టుడు గింత సుఖముంటదని నాకు ఎరుకనే లేకపాయె. ఇంకోటి చెప్పు. గీసారి చక్కెర తక్కువ."

మా ఆవిడ ఫోనెత్తింది. అక్క కాళ్లు మంచం మీదికి చేర్చింది. "జర నడుము వాలుస్త" అంది.

బావ గుమ్మంలోంచి, "మరి ఇంటికాడ వంట..." అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే తల తిప్పి ఆయన్ను చూశారు. ఆయన ఇరవై ఏళ్లు మార్కెటింగులో పనిచేసినవాడు. వెంటనే కిందికి వెళ్లి బియ్యం మూట కారులో వేసుకున్నాడు.

ఆ రాత్రి మగవాళ్లం, పిల్లలం పక్క రూములో పడుకున్నాం. అది పెళ్లికూతురు తరఫువాళ్ల రూమట. ఏసీ లేదు. ఫ్యాను ఉంది గానీ, అది తిరగడం కన్నా ఆలోచించడమే ఎక్కువ. పొద్దున బయలుదేరుతూ తలుపు తట్టి, "వస్తున్నరా?" అని అడిగితే, "మీరు నడువుండ్రి, మేం వెనక వస్తం" అన్నారు.

రాలేదు. పార్కులో నేనూ బావా తలకిందులుగా వేలాడుతున్నప్పుడు కూడా ఆయన జేబులో ఫోను మోగుతుందేమోనని చూశాడు. మోగలేదు. మా అబ్బాయి పెద్ద రైడుకు కావలసినంత ఎత్తున్నాడు. పిల్లలిద్దరూ పరువు నిలబెట్టుకుంటూ, స్నేహితులకు చెప్పుకోదగ్గంతగా వాంతి చేసుకున్నారు.

సాయంత్రం తడి బట్టలతో తిరిగి వచ్చేసరికి రూము తలుపు లోపల గడియ వేసి ఉంది. లోపలినుంచి నవ్వులు. ఒక నవ్వు ఆగితే ఇంకోటి. మా ఆవిడ అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు. తలుపు కొట్టాను.

"ఎవలు?"

"మేమే. వచ్చినం."

లోపల గుసగుసలు. గాజుల చప్పుడు. తర్వాత మా ఆవిడ గొంతు, ఊపిరందక:

"ఒక గంట ఆగి రాండ్రి. పండుకున్నం."

బావ నా ముఖం చూశాడు. నేను పిల్లల ముఖాలు చూశాను. చప్పుడు చెయ్యకుండా, మునివేళ్ల మీద, నలుగురం మెట్లు దిగాం.